గోడవైపు తిరిగి కూర్చున్న పాస్టరమ్మగారు

విజయవాడకు దిగువన కాలవ గట్టు మీద మాది చిన్న పేట. నా చిన్నప్పుడు మా పేటవాళ్లు ఊళ్లో పెద్దవీధి దాటాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. ఒక ఏడాది నాట్ల ముందు మావాళ్లు విప్పడం మానేశారు. విప్పితేనే పనికి రండి అన్నారు ఆసాములు. మాకు సెంటు భూమి లేదు. నాట్లు పోతే తిండి పోయినట్టే.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు అమెరికా సంగతి చెప్పారు. అక్కడ నల్లవాళ్లను బస్సులో వెనక కూర్చోబెట్టేవారట. వాళ్లంతా చర్చిలో కూడి మాట్లాడుకుని, బస్సెక్కడం మానేసి, ఏడాది పైగా పనులకు నడిచే వెళ్లారట.

"నడవడం మనకి కొత్తేంటి అయ్యగారూ? నడిచెళ్తే వాళ్లకి పనుంది. మనకి పనే లేదు గదా" అన్నాడు మా తాతయ్య వెనకనుంచి.

అందరూ నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. ఇంట్లో బియ్యం అయిపోయి రెండు రోజులైంది. సోమవారం చెప్పులు ఇంట్లో వదిలేసి నాటుకెళ్తానని ఆ పొద్దున్నే నాన్నకు తేల్చి చెప్పింది. ఒకరు వెళ్తే మిగతావాళ్లూ వెళ్తారు.

మా చర్చి ఆడవాళ్లు వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం తెచ్చి గంపలో పోసేవారు. పాస్టరుగారి ఇల్లు వాటితోనే గడిచేది. ఆరోజు పాస్టరమ్మగారు ఆ గంపను పక్కగదిలో పెట్టించారు. "ఒక్కొక్కరే సంచి తీసుకుని లోపలికెళ్లండి. ఉంటే పొయ్యండి, లేకపోతే తీసుకోండి. బయటికొచ్చాక ఎవరూ ఎవర్నీ అడగొద్దు" అన్నారు.

అమ్మతోపాటు నేనూ వెళ్లాను. పాస్టరమ్మగారు గంపకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. అమ్మ చాలాసేపు ఊరికే నిలబడి, చివరికి సంచిలో పోసుకుంది. నాకు నోరాగదు.

"మీరు చూడకపోతే ఎవరైనా మొత్తం ఎత్తుకుపోతారు కదండీ?" అన్నాను.

"నీకెందుకే ఆ గొడవ? ఇలా రా, ఈ బల్లి ఎంత లావుందో చూడు" అన్నారావిడ, తల తిప్పకుండానే.

సోమవారం అమ్మ నాటుకు వెళ్లలేదు. పేటలో ఎవరూ వెళ్లలేదు. నారు ముదిరిపోతుంటే ఆసాములే కబురు చేశారు. ఆ కబుర్లో చెప్పుల ఊసు లేదు. అన్నాళ్లూ పాస్టరుగారింట్లో గంజే తాగారని తర్వాత తెలిసింది.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని, ఆ అమెరికా చర్చి గురించి పేపర్లో కూడబలుక్కుని చదివాను. అంతా ప్రసంగాలు చేసినవాళ్ల గురించే రాశారు. గంపలు మోసినవాళ్లు అక్కడా ఉండే ఉంటారు.

ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకుంటాను. పొగరు అంటారు చూసినవాళ్లు. అననీ. తీసుకునేవాళ్లు నా మొహం చూడాల్సిన పని లేదు.