రెండో గొంతు మీద పోసిన ఎకో

తొంభైల మొదట్లో నేను కార్ఖానా అనే పేటలో ఒక చిన్న స్టూడియోలో రికార్డింగ్ ఇంజినీరుగా చేరాను. అక్కడ హోదాలు స్పష్టంగానే ఉండేవి. అందరికీ పైన యజమాని, ఆయన కింద పాటకు వాద్యాలు అమర్చే అరేంజరు, ఆ తర్వాత నేను. ఏ వాద్యం మోగాలో అరేంజరు చెప్పాలి, అది టేపు మీదికి ఎలా ఎక్కాలో నేను చూడాలి. ఈ హద్దును అరేంజరే తొక్కేసిన సంగతి ఒకటుంది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ వేసవిలో తిరుమలగిరి వైపు నుంచి ఒక చర్చివాళ్ళు భక్తిగీతాల క్యాసెట్టు చేయించుకోవడానికి వచ్చారు. పాడే ఆడవాళ్ళకు పెద్ద శాంతకుమారిగారు. బళ్ళో టీచరు, బందరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. వాళ్ళ ఆరాధనలో అందరూ ఒకే వరస పాడరు. కొందరు పాట అసలు వరసలో పాడుతుంటే, ఇంకొందరు దాని కిందుగా మరో దారిలో నడుస్తారు. దాన్ని ఆల్టో అంటారు, రెండో గొంతు అన్నమాట. ఒక పాటకు ఆ రెండో గొంతును శాంతకుమారిగారి నాన్నగారు కట్టారు. ఆయన లేరు. అది ఎక్కడా రాసిపెట్టి లేదు, ఈ ఆడవాళ్ళ నోళ్ళలోనే ఉంది.

"మేమూ పెద్దవాళ్ళమైపోతున్నామండీ. మా వెనక పిల్లలు నేర్చుకోవాలంటే ఈ క్యాసెట్టే దిక్కు," అని ఆమె మొదటిరోజే నాతో అన్నారు.

మాది ఎనిమిది ట్రాకుల టేపు. అంటే ఒకే టేపు మీద ఎనిమిది విడివిడి దారులు. దేన్నయినా తర్వాత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. గొంతుల్ని ఎప్పుడూ పొడిగా, అంటే ఎకో, రివర్బ్ లాంటి ప్రతిధ్వనులేమీ లేకుండా ఎక్కించాలి. పాడేవాళ్ళు ముచ్చటపడితే హెడ్‌ఫోనులో కాస్త రివర్బ్ వినిపిస్తాం, చివర్న మిక్సింగులో కావలసినంత కలుపుతాం. కూరలో ఉప్పు తర్వాతైనా వేసుకోవచ్చు, తీయడం ఎవరి తరమూ కాదు. వాళ్ళ అసలు వరసకు ఒక ట్రాకు, రెండో గొంతుకు ఒక ట్రాకు ఇచ్చి అలాగే రికార్డు చేశాను. చాలా శుభ్రంగా వచ్చింది.

అరేంజరు ప్రభాకర్ అప్పుడే కొత్త కీబోర్డు కొన్నాడు. అందులో లేని వాయిస్ లేదు, అంటే ఏ వాద్యం శబ్దం కావాలన్నా పలుకుతుంది. కీబోర్డు వాయిస్ ఎంచుకోవడమంటే చెవికి ఇంపైనదల్లా నొక్కడం కాదు. మనిషి గొంతు ఏ స్థాయిలో తిరుగుతోందో విని, ఆ చోటు వదిలిపెట్టి మిగతా చోట వాయించాలి. పియానో ఉన్నచోట స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల గుంపు మోత, పల్చగా ఉండాలి. ఈయన మాత్రం పియానో, దాని మీద స్ట్రింగ్స్, ఆ పైన "క్వయర్" అనే వాయిస్ పెట్టాడు. పదిమంది కూడి "ఆ" అన్నట్టు మోగుతుంది ఆ యంత్రం. సరిగ్గా రెండో గొంతు నడిచే స్థాయిలోనే పెట్టాడు. ఎదురుగా నిజమైన మనుషులు పాడుతుంటే యంత్రపు మనుషులెందుకయ్యా అని అడిగాను. నిండుగా ఉంటుందన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళి వచ్చేసరికి పని అయిపోయింది. ప్రభాకర్‌కు ఫ్లూటు కోసం, ఇంకో వరస స్ట్రింగ్స్ కోసం ట్రాకులు చాలలేదట. ఆడవాళ్ళ రెండు ట్రాకుల్నీ క్వయర్ వాయిస్‌తో కలిపి, పెద్ద హాలు రివర్బ్ దట్టించి, ఒకే ట్రాకులోకి దించేశాడు. ఇలా కుదించడాన్ని బౌన్సింగ్ అంటాం. అదీ పని తెలిసినవాడు చేయాల్సిందే. ఆపైన ఆ పాత ట్రాకుల మీదే ఫ్లూటు, స్ట్రింగ్స్ ఎక్కించాడు. నా పొడి గొంతులు చెరిగిపోయాయి. మిగిలిన ట్రాకును ఎంత విన్నా "ఆ" తప్ప రెండో గొంతు వినబడలేదు.

యజమాని దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడిగాను. వాళ్ళను మళ్ళీ పిలిపించి పాడిద్దామన్నాను.

"ఏందన్నా, గింత దానికి గింత పరేషాన్ అయితున్నవ్? ఎకో లేకపోతే క్యాసెట్ ఎవరు కొంటరు? జెర భారీగ ఉండాలె. రేపటిసంది వేరే పార్టీ ఉంది, టైం లేదు," అన్నాడు.

క్యాసెట్టు ఆవిష్కరణ చర్చి హాల్లో జరిగింది. టేపు వేస్తే గాయకులు మైకుల ముందు నిలబడి పెదవులు కదపడం అప్పటి ఆచారం. మైకులు ఆపేసి ఉంటాయి. వాటి మీటలూ, టేపు మీటా నా చేతిలోనే ఉన్నాయి. సభకు ముందు శాంతకుమారిగారు నా దగ్గరికి వచ్చారు.

"పొద్దున్న క్యాసెట్టు విన్నానండీ. మా నాన్నగారి రెండో గొంతు ఇందులో ఎక్కడుంది? పాడినదాన్ని నేనే, నాకే వినబడలేదు."

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె వెళ్ళి వరసలో నిలబడ్డారు.

మొదటి చరణం దాకా పెదవులే కదిపారు. రెండో చరణంలో ఆమె నిజంగా పాడటం మొదలుపెట్టారు, ఆపేసిన మైకు ముందు, టేపు మోగుతుండగానే. పక్కనున్నవాళ్ళూ అందుకున్నారు. నేను మైకులు పైకి తెచ్చి టేపును పూర్తిగా దించేశాను. యజమాని పరుగున వచ్చి, "ఏం చేస్తున్నవ్ అన్నా, టేప్ పెంచు!" అని మీట మీదికి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి తోసేశాను. హాలంతా రెండు గొంతుల్నీ విడివిడిగానూ, కలిపీ విన్నది.

పాట కాగానే ఆమె నేరుగా నా దగ్గరికే వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఇది రికార్డయిందా అండీ?"

లేదన్నాను. ఆ రోజు టేపు వినిపించే యంత్రమే తెచ్చాం, రికార్డు చేసేది తేలేదు. ఆమె తల ఊపి వెళ్ళి కూర్చున్నారు. చర్చివాళ్ళు మళ్ళీ మా స్టూడియో గడప తొక్కలేదు. ఆ క్యాసెట్టు మాత్రం వాళ్ళ ఇళ్ళలో చాలాకాలం మోగింది, ఆ యంత్రపు "ఆ"తోనే.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పేది ఇంతే. ఎఫెక్టు ఎప్పుడైనా కలపవచ్చు, గొంతును పొడిగానే ఎక్కించండి. ట్రాకులు చాలకపోతే తీసేయాల్సింది కీబోర్డును. దాన్ని రేపు మళ్ళీ వాయించుకోవచ్చు.