సంగటి అడిగిన సినిమా

కోయిలకుంట్లకు డేరా సినిమా వచ్చినప్పుడు ఒకే బొమ్మను నేను నలభైసార్లు చూశాను. మా ఊళ్ళో ఎవరినైనా అడగండి, నలభై అనే చెబుతారు, ఎందుకంటే వాళ్ళకు చెప్పింది నేనే. నిజానికి డేరా ఉండిందే ఇరవై దినాలు. పదకొండుసార్లు అనుకోండి. సరే, దాచడమెందుకు, నాలుగుసార్లు.

ఆ నాలుగూ నా పెళ్ళాం కోసమే. ఆమె మా అక్క కూతురు, కోడుమూరు పక్క పల్లెలో పుట్టింది. మా అక్క నన్ను చిన్నప్పటినుంచి ఎరిగిన మనిషి కాబట్టి, మామ చెప్పేదాంట్లో సగానికి సగం తీసేయమని నేర్పి పంపింది. చేన్లో తోడేలును తరిమానంటే, "అట్లనా మామా" అనేది. ఆ "అట్లనా" నాకు తుమ్మముల్లు మాదిరి గుచ్చుకునేది. నా మాట ఒక్కటైనా ఆమె నమ్మితే చాలనిపించేది.

అందుకే డేరా వచ్చిందని వినగానే, ఆ బొమ్మను కర్నూలులో ఏడుసార్లు చూశాననీ, అట్లాంటిది మళ్ళీ రాదనీ చెప్పి బండి కట్టాను.

డేరాలో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, నడుమ గుడ్డ తెర. ఆమె ముఖం నాకు కనబడదు. బయట ఇంజను డబడబమని కొట్టుకుంటుంటే, రేకు గొట్టంలోంచి మాటలు నలిగి నలిగి వచ్చేవి. పైగా అది కోస్తావాళ్ళ మాట. నిందపడి ఇల్లు విడిచిన మొగుడు పన్నెండేళ్ళకు బైరాగిలా వచ్చి తన వాకిట్లోనే నిలబడతాడు. ఇల్లాలు తలుపు తీసి, "ఏమిటి స్వామీ సంగతి?" అంటుంది. డేరా మొత్తానికి అది "సంగటి" అని వినబడింది. పూటపూటా జొన్న సంగటి ముద్ద తినేవాళ్ళ చెవులు మరి. ఆడవాళ్ళ పక్క నవ్వులు లేచాయి.

బండిలో ఆమె నన్ను నిలదీసింది. "అడుక్కునేకి వచ్చినోన్ని ఆయమ్మే సంగటి అడుగుతాదా? దీన్నా మామా నువ్వు ఏడుసార్లు చూసింది?"

నాకూ సంగటే వినబడింది. అయినా తగ్గలేదు. అది ఒక్కసారికి అంతుబట్టే బొమ్మ కాదనీ, నాకే మూడోసారికి గాని లోతు తెలియలేదనీ అన్నాను. దాంతో మళ్ళీ బండి కట్టక తప్పలేదు.

రెండోసారి ఆమె నిద్రపోయిందట. మూడోసారి నేను బొమ్మను వదిలేసి, గుడ్డకు అవతల ఆమె గాజుల చప్పుడు వింటూ కూర్చున్నాను. సంగటి దగ్గర అందరూ నవ్వారు. ఆమె నవ్వు లేదు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినబడింది. బండెక్కాక, రేపూ పోదామా అని తనే అడిగింది. ఇంక నన్ను పట్టేదెవరు? దారి పొడుగునా ఆ సంగటి గుట్టు విప్పి చెప్పాను. ఆ ఇల్లాలు మొగుణ్ణి గుర్తుపట్టిందనీ, నా చేతి సంగటి మరిచిపోయినావా అని చాటుగా అడిగిందనీ, కాపురమంతా ఆ ఒక్క మాటలో ఉందనీ అల్లేశాను. నేనల్లిన కథకు నాకే కళ్ళు చెమర్చాయి. ఆమె ఊకొడుతూ వింది. "అట్లనా" అనలేదు.

నాలుగోసారి చూసి వస్తున్నప్పుడు అంది:

"ఆయమ్మ అడిగేది సంగటి కాదు మామా, సంగతి. ఏం పనిమీద వచ్చినావని. కట్టుకున్నోన్ని గుర్తుపట్టక అడుగుతాది. అందుకే ఏడుపొస్తాది."

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్ననే."

"మరి చెప్పలేదేం?"

"ఏడుసార్లు చూసినోనికి నేనేం చెప్పేది?"

ఎద్దుల పగ్గాలు వదులు చేశాను. కర్నూలులో ఆ బొమ్మను ఒక్కసారీ చూడలేదని, శనక్కాయలు అమ్మడానికి పోయినప్పుడు గోడకు అంటించిన కాయితం మాత్రం చూశానని చెప్పేశాను. అడగకపోయినా, తోడేలు కూడా కుక్కేనన్నాను.



"ఇది నమ్ముతా మామా," అంది.

ఐదోసారి నా కోసం నేను చూద్దామనుకున్నాను, ఆ సంగతి చెవులారా విందామని. నేను పోయేసరికి డేరా ఎత్తేశారు. ఇంటికొచ్చి తినడానికి కూర్చుంటే, ఆమె తట్ట ముందర పెట్టి, ఆ సినిమా ఇల్లాలి గొంతుతోనే, "ఏమిటి స్వామీ సంగటి?" అని అడిగింది. ఆ పూట నాలుగు ముద్దలు తిన్నాను. సరే, రెండు.