నొప్పి లేని గడ్డ

బాన్ అక్యూయ్ అనే దీవి పల్లెలో చెరకు కోతకు వెళ్ళే ఆడవాళ్ళందరికీ సుబ్బమ్మే డాక్టరు. రామభజనలో గొంతెత్తడం తప్ప ఆమెకు మరో అర్హత లేదు. అయినా ఆమె తేల్చాక ఇంకొకరిని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆ వైద్యమంతా ఒక్క ప్రశ్న మీద నడిచేది: నొప్పిగా ఉందా? ఉందంటే రోగం. లేదంటే పనిదొంగతనం.

1966లో ఆమె ఆడపడుచు మంగమ్మ రొమ్ములో లీచీ పండంత గడ్డ తేలింది. ముట్టుకుంటే నొప్పి, నెలసరి ముందు మరీనూ. సుబ్బమ్మ నిమిషంలో అది కాన్సరని చెప్పి, పసుపూ వేపాకూ నూరి పట్టు వేసి, అమ్మోరికి అంబలి మొక్కి, ఇక ఏడవడమే తరువాయి అన్నట్టు ఊరంతా కబురు పెట్టింది. తన ఎడమ రొమ్ములో చెరకు కణుపులా గట్టిగా, కదలకుండా ఏడాదిగా కూర్చున్న దాని సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నొప్పన్నదే పెట్టని అంత మర్యాదైన గడ్డను అనుమానించడం ఏం బాగుంటుంది?

గడ్డ పట్లకు లొంగకపోయేసరికి మంగమ్మను పోర్ట్ లూయిస్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది, తన మాట డాక్టరు నోట వినాలని. డాక్టరు సూది గుచ్చి నీళ్ళు లాగేశాడు. గడ్డ మాయం. వట్టి నీటితిత్తి అట, కాన్సరు కాదట. ఆడపడుచు బతికినందుకు అంతగా చిన్నబోయిన వదినను ఆ ఆసుపత్రి ఎన్నడూ చూసి ఉండదు.

నర్సు జీనెట్ దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో నెమ్మదిగా చెప్పింది. ఏ గడ్డనైనా చూపించుకోవాల్సిందే. నొప్పి పెడుతూ వేళ్ళ కింద జారేవి చాలావరకు ప్రమాదం లేనివే. గట్టిగా, నొప్పి లేకుండా, లోపల అంటుకుపోయినదైతే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

సుబ్బమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. పక్కింటామెకు అలాంటిదే ఉందని, ఆమెకు సిగ్గు ఎక్కువని చెప్పింది.

"ఏ రొమ్ములో, మాదామ్?"

"ఎడమ."

మంగమ్మ వదిన చేతి వంక చూసింది. అది ఎడమ రొమ్మును పట్టుకుని ఉంది.

"మన పక్కింట్లో ఉండేది ముసలి వీరాస్వామి ఒక్కడే కదా, వదినా."

ఆ వారమే రొమ్ము తీసేశారు. చంకలోకి ఇంకా పాకలేదని, సరైన సమయానికే వచ్చిందని డాక్టరు మెచ్చుకున్నాడు. సుబ్బమ్మ ఆ మెప్పును కాదనలేదు.

1968 మార్చిలో దీవికి స్వాతంత్ర్యం వచ్చి కొత్త జెండా ఎగిరిన రోజు భజనలో అందరికన్నా పైకి వినిపించింది ఆమె గొంతే. వైద్యం మానలేదు. ప్రశ్న కూడా మార్చలేదు. నొప్పి ఉందంటే ఆసుపత్రికి బస్సెక్కిస్తుంది. లేదంటే, చెయ్యి పట్టుకుని తనూ ఎక్కుతుంది.