తోకకు తాడు కట్టొద్దన్న మామ

మా మేనమామ మొన్న సోమవారం పొద్దున పోయాడు. నర్సింహులపేట నుంచి అత్త ఫోన్ చేసి, "చాయ అడిగిండు బిడ్డా, నేను తెచ్చేసరికే అయిపోయింది" అంది. చాయ తాగనిదే గడప దాటని మనిషి. ఆ తాగని చాయ తలచుకునే నాకు ముందు ఏడుపొచ్చింది.

మామ జేసీబీ డ్రైవర్. వయసులో ఉన్నప్పుడు పని కోసం సముద్రం ఒడ్డుకు పోయాడు. ఒకరోజు అక్కడికి స్పెర్మ్ వేల్ అనే మొద్దుతల తిమింగలం కొట్టుకొచ్చింది. ఇంకా ప్రాణంతోనే ఉంది. మా ఊళ్లో బర్రె కుంట బురదలో దిగబడితే తాడు కట్టి గుంజుతాం. మామకు తెలిసింది అదే. సముద్రంలోకి పోయే రాళ్ల కట్ట మీద జేసీబీ నిలబెట్టి, తిమింగలం తోకకు తాడు బిగించి సముద్రం వైపు గుంజాడు. తోక కీళ్లు విడిచిపోయాయి. సాయంత్రానికి చచ్చిపోయింది.

"బతికిద్దామనే గుంజిన. నేనే సంపిన," అనేవాడు.

ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, జాలర్ల పల్లెలు తిరిగాడు. "తోక ముట్టొద్దు. తడిబట్ట కప్పుండ్రి. ముక్కు తల ముందట ఎడమ పక్కనుంటది, అండ్ల నీళ్లు పోయొద్దు. ఫారెస్టోళ్లకు ఫోన్ చేయుండ్రి," ఇదే పాట. ఒక పెద్ద జాలరి అతని మాట విని నవ్వాడట. "కుంట నీళ్లోడివి, మాకు సముద్రం నేర్పుతావేటి?" అని. మామ కూడా నవ్వి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడట.

ఊరికి తిరిగొచ్చాకా మానలేదు. మొగుళ్లపల్లిలో మా చెల్లి పెళ్లికి పోతే, పెళ్లికొడుకు తరఫు వాళ్లను కూర్చోబెట్టి తిమింగలం ముక్కు గురించి చెప్పాడు. నేను సిగ్గుతో చచ్చాను. "ఇక్కడ ఎవరికి పనికొస్తది మామా?" అని కసిరాను. "ఎవరన్న అటు పోతరు కద బిడ్డా," అన్నాడు. అలా కసిరినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

పోయిన నెల మామ దవాఖానలో ఉన్నప్పుడు, ఆ పెద్ద జాలరే మామ ఫోన్‌కు వీడియో పంపాడు. మంచం పక్కన కూర్చుని నేనే పెట్టి చూపించాను. పిల్ల తిమింగలం ఒకటి ఒడ్డుకొచ్చింది. పొట్ట కింద టార్పాలిన్ వేసి, ఆటు పోటు చూసుకుని, పదిహేను మంది నడుంలోతు నీళ్లలో దాన్ని నెడుతున్నారు. అది కదిలింది. లోతుకు పోయింది.

మామ దాని మొహం వైపు కూడా చూడలేదు. "తోక కాడ ఆపు బిడ్డా," అన్నాడు. ఆపాను. నీళ్ల మీదికి లేచిన తోక, దాని మీద ఏ తాడూ లేదు. సూది గుచ్చిన చేత్తోనే ఫోన్ మీద ఆ తోకను మెల్లగా నిమిరాడు.