అడగడానికి మనిషి లేని చోట

2023 వర్షాకాలం. కాకినాడ దగ్గర రొయ్యల్ని శుభ్రం చేసి విదేశాలకు పంపే ఒక బహుళజాతి కంపెనీ ఫ్యాక్టరీలో నేను హెచ్.ఆర్. ఆఫీసర్‌ని. కార్మికుల హాజరు, సెలవులు, బదిలీలు చూడటం నా పని.

నూకరత్నం గ్రేడింగ్‌లో, అంటే రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే చోట, పనిచేసేది. షిఫ్టంతా నిలబడి ఐసు నీళ్ళలో చేతులు పెట్టాలి. ఏళ్ళ తరబడి అదే పని చేసి ఆమె వేళ్ళకు స్పర్శ తగ్గిపోయింది. ఒకరోజు నా గదికి వచ్చి బొబ్బలెక్కిన వేళ్ళు చూపించింది. పొయ్యి మీద గిన్నె పట్టుకుంటే కాలిందని కూడా తెలియలేదట. యూనిఫాంలు ఉతికే లాండ్రీలోకి మార్చమని అడిగింది. అక్కడ ఖాళీ ఉంది. ఆమె జీతం మీదే కూతురు నర్సింగ్ చదువుతోంది.

కంపెనీ డాక్టరు గారు పరీక్షించి, చలిలో పని వద్దని రాశారు. ఆ సలహా జతచేసి పోర్టల్‌లో బదిలీ కోరాను. పోర్టల్ అంటే అన్ని దేశాల శాఖలకూ కలిపి ఉన్న కంప్యూటర్ వ్యవస్థ. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ప్రస్తుత పనికి ఆమె పనికిరాదు, బదిలీలు నిలిపివేశాం, సర్వీసు ముగించండి. కింద ఎవరి పేరూ లేదు.

ప్లాంట్ మేనేజర్ గారు మంచి మనిషే. నా ముందే సింగపూర్ ఆఫీసుకు ఫోన్ చేశారు. ఆ రూలు యూరప్‌లో పెట్టారని వాళ్ళన్నారు. యూరప్‌కు మెయిల్ రాశాను. మీ సమస్య పరిష్కారమైంది, మా సేవ ఎలా ఉందో తెలపండి అని మెషీన్ జవాబిచ్చింది.

ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె చేతులు కొంగు కింద దాచుకుంది.

"డాక్టరు గారి కాగితం చింపేయండి సార్. చేతులు బాగానే ఉన్నాయని చెప్తాను."

"సిస్టమ్‌లోకి ఎక్కిపోయిందమ్మా. ఇంక తీయడం కుదరదు."

"పోనీ, వద్దన్నది ఎవరో చెప్పండి. ఎంత దూరమైనా వెళ్ళి నేనే అడుక్కుంటానండి."

చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరు కూడా లేదు.

తర్వాత ఆమె ఊరి బయట ఒక షెడ్డులో రొయ్యలు ఒలవడానికి కుదిరిందని తోటివాళ్ళు చెప్పారు. అక్కడా ఐసే. చేతులకు తొడుగులు కూడా ఇవ్వరట.

చెడ్డవాడంటూ ఒక్కడూ లేకుండానే ఒక మనిషి బతుకు కూలిపోగలదని నాకు అప్పుడే తెలిసింది. నేనింకా అదే గదిలో పనిచేస్తున్నాను. ఎవరైనా ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడానికి వస్తే, లేచి తలుపు వేస్తాను. ఏమైందని అడగను. "ఇంకా డాక్టరు గారికి చెప్పలేదు కదా?" అని అడుగుతాను.