పరంధామయ్య అనని మాట

తడిసిన తవుడు వాసన తగిలితే నాకు ఇప్పటికీ సాయంత్రం ఏడున్నర అయినట్టుంటుంది. చేపల మేతకీ టీవీ సీరియల్‌కీ సంబంధం ఏమిటంటే, రెండూ ఒకే గదిలో ఉండేవి. కైకలూరు దాటి కొల్లేటికోట వెళ్లే దారిలో, మా చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో ఒక మూల తవుడు బస్తాలు, ఇంకో మూల టీవీ, రెండింటి మధ్య నులకమంచం మీద పెద్దిరాజు గారు. బస్తాలు ఉన్నాయి, టీవీ ఉంది, మంచం కూడా ఉంది. మొన్న శుక్రవారం ఆ సీరియల్ అయిపోయింది. పెద్దిరాజు గారు అంతకు ఎనిమిది నెలల ముందే, శ్రావణంలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చి, ఇక లేవలేదు. అయిదేళ్లు చూసిన సీరియల్‌కి ముగింపు చూడకుండా వెళ్లిపోయారు. నాకు తెలిసి ఆయన తొందరపడ్డ సందర్భాలు రెండే. ఇది రెండోది. మొదటిదాని గురించే ఈ కథంతా.

మాది తాడేపల్లిగూడెం. మా నాన్నకి ఉల్లిపాయల మార్కెట్‌లో దుకాణం ఉంది. చుట్టుపక్కల ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటూ ఉండే చోట పెరిగాను కాబట్టి కన్నీళ్లంటే నాకు పెద్ద గౌరవం ఏర్పడలేదు. చేపల పెంపకంలో డిగ్రీ పూర్తి చేసి, ఇరవై రెండో ఏట పెద్దిరాజు గారి చెరువుల దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. ఆయనకి నా పేరు పలకడం రాలేదో, పలకదలుచుకోలేదో, మొదటి రోజు నుంచీ నన్ను ‘గూడెం’ అనే పిలిచారు. అరవై దాటిన మనిషి. మీసం చూస్తేనే భయం వేసేది. లారీ డ్రైవర్లూ, ఐసు ఫ్యాక్టరీ వాళ్లూ ఆయన ఎదుట గొంతు తగ్గించి మాట్లాడేవారు. అలాంటి మనిషి ఆ మొదటి సాయంత్రం సబ్బుతో చేతులు కడుక్కుని, తలపాగా విప్పి టీవీ ముందు కూర్చుని, తెర మీద ఎవరో హారతి పళ్లెం జారవిడిస్తే “అయ్యో తల్లీ!” అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను, షెడ్డులో ఇంకెవరైనా ఉన్నారేమోనని.

ఆ సీరియల్ మీరు చూడకపోయినా చూసినట్టే. ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంటికి పెద్ద మెట్లు. పరంధామయ్య అనే తండ్రి ఆ మెట్ల మీద నిలబడి, మాట విననందుకు కూతుర్ని ఇంట్లోంచి పంపేశాడు. ఆ అమ్మాయి మళ్లీ లోపలికి వస్తుందా రాదా అన్నదే కథ. ఆ ఇంట్లో ఆడవాళ్లు పట్టుచీరలతోనే నిద్రపోతారు. ఒక చెంపదెబ్బ పడితే మూడు వైపుల నుంచీ చూపిస్తారు, మనకేమైనా అనుమానం ఉంటుందేమోనని. నేను ఊరుకునే రకం కాదు.

“ఏవండీ, ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఎన్నాళ్లయిందండీ?”

“నోరు మూసుకుని చూడు.”

“ఆవిడ గుమ్మంలోకి వచ్చిన రోజున మన చేపపిల్ల వేలెడుంది. ఇప్పుడు అరచెయ్యంత అయిందండీ.”

“కడుపులో బాధున్నోళ్లకి అడుగు పడదురా. నీకేం తెలుసు, ఉల్లిపాయలోడివి.”

ఆయన విసుక్కునేవారు కానీ, నేను లేకుండా టీవీ పెట్టేవారు కాదు. నేను గట్టు చివర ఉన్నానని తెలిస్తే, సరిగ్గా ఏడుంబావుకి ఏదో పని ఉందని పిలిపించేవారు. ఆ పని ఏమిటో ఏ రోజూ తెలియలేదు.

పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. డిగ్రీలో చెప్పనివి చాలా ఉన్నాయి. మా వైపు చేపకి మేత చల్లరు. తవుడూ, నూనె తీసిన గింజల చెక్కా కలిపి బస్తాల్లో నింపి, బస్తాకి చిన్న చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకి వేలాడదీస్తారు. చేప వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి కావలసినంత లాక్కుంటుంది. చేరిన కొత్తలో, చేపలు తొందరగా పెరుగుతాయి కదా అని నేను పెద్ద పెద్ద చిల్లులు పెట్టాను. పెద్దిరాజు గారు పడవలో వచ్చి బస్తా పైకెత్తి చూశారు. సగం ఖాళీ.

“ఆకలిగా ఉంది కదా అని కుమ్మరిస్తే తినదురా. అంతా అడుక్కి పోయి కుళ్లుతుంది, నీళ్లు పాడవుతాయి. కొంచెం కొంచెం అందాల. అదే వచ్చి తీసుకోవాల.”

ఆ మాట చేపల గురించే అనుకుని నోటుబుక్కులో రాసుకున్నాను.

సీరియల్ అయిపోయిన వెంటనే, ఎనిమిదింటికి, ఆయన ఫోను మోగేది. మేత కలిపే చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి కాబట్టి ఫోను స్పీకర్లోనే ఉండేది. అవతల ఆయన కూతురు వసుంధర గారు, ఏలూరు నుంచి. భర్త అక్కడ కాలేజీలో లెక్చరరు.

“చూశారా నాన్నగారూ?”

“ఆఁ, చూశాను.”

“ఆయన అంత మొండిగా ఉండకపోతే ఏమండీ? ఆ అమ్మాయి చెప్పింది తప్పా?”

“తప్పని ఎవరన్నారు? నలుగురి ముందూ చెప్పింది. ఆయన పరువు ఆయనకుండదా?”

“పరువు కోసం కూతుర్ని పంపేసుకుంటారాండీ?”

“...రేపు చూద్దాం. ఏం చేస్తాడో.”

“భోంచేశారా?”

“ఆఁ.”

అంతే. అయిదు నిమిషాలు. పిల్లల సంగతి లేదు, ఒంట్లో ఎలా ఉందన్నది లేదు, చెరువుల మాట అసలే లేదు. సీరియల్ లేని ఆదివారాల్లో ఫోను కూడా ఉండేది కాదు. ఆదివారం సాయంత్రం ఆయన ఫోను తుడిచి, చార్జింగ్ పెట్టి, మళ్లీ తీసి చూసి, మళ్లీ పెట్టేవారు. ఇద్దరు పెద్దవాళ్లు, కథలో తప్ప ఎక్కడా లేని మనుషుల గురించి ఇంతసేపు తగువులాడుకోవడం ఏమిటని నేను చెరువుల పనివాళ్ల మేస్త్రీ దగ్గర నవ్వాను. మేస్త్రీ నవ్వలేదు. అసలు సంగతి చెప్పాడు.

వసుంధర గారు చదువుకునే రోజుల నుంచీ తండ్రితో చెరువుల మీద తిరిగిన మనిషట. నీళ్ల రంగు చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పేదట. నేను చేరడానికి నాలుగేళ్ల ముందు, కొత్త పంటకి చెరువులో చేపపిల్ల వేసే రోజున, వ్యాపారులందరూ గట్టు మీద కుర్చీల్లో కూర్చుని ఉండగా, “ఇంత పిల్ల వేస్తే గాలి చాలదు నాన్నగారూ, సగం వేద్దాం” అందట. అందరూ పెద్దిరాజు గారి మొహం చూశారట. ఆయన, “ఆడపిల్లవి, నీకెందుకీ పెత్తనం? గట్టు దిగి ఇంటికెళ్లు” అన్నారట. ఆవిడ గట్టు దిగింది. మళ్లీ ఎక్కలేదు. ఆ పంట చేప చచ్చి తెల్లగా తేలిపోయింది, ఆవిడ చెప్పినట్టే. ఆయన తొందరపడ్డ మొదటి సందర్భం అది. ఆ తర్వాత నా కుర్చీలో ఇద్దరు సూపర్‌వైజర్లు కూర్చుని వెళ్లారు. మేస్త్రీ ఆ కుర్చీ వైపు చూపించి, “అది అమ్మాయి గారిదేనండీ” అన్నాడు. ఆ రోజు నేను బస్తా మీద కూర్చున్నాను.

రెండో ఏడు ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ మొహం లేదు. మూడో రోజు సాయంత్రం పెద్ద చెరువులో చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. నీళ్లలో గాలి చాలకపోతే అలా చేస్తాయి. వేల నోళ్లు ఒక్కసారి తెరుచుకుంటే పైన పడుతున్న వాన చప్పుడు కూడా వినబడదు. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వేశాం, ఇంజను వేశాం, ఉన్న పడవలన్నీ దింపి నీళ్లు చిలుకుతున్నాం. ఏడుంబావు అయ్యేసరికి పెద్దిరాజు గారు పడవలోంచే అరిచారు.

“ఒరేయ్ గూడెం! నువ్వు షెడ్డుకెళ్లి టీవీ చూడు!”

“ఇప్పుడాండీ?”

“అమ్మాయి ఫోన్ చేస్తది. ఏమైందో చెప్పలేకపోతే, చెరువు మీద ఏదో అయిందని పట్టేస్తది. ఎల్లు!”

వెళ్లాను. వానకి టీవీలో సిగ్నల్ లేదు. నీలం తెర తప్ప ఏమీ లేదు. నేను షెడ్డు గుమ్మం పక్కనే ఉన్న ఏరియేటర్ల స్టార్టరు దగ్గర నిలబడ్డాను. ఎనిమిదింటికి ఆయన ఒళ్లంతా నీళ్లు కారుతూ షెడ్డులోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

“ఏమైందిరా కథ?”

చూడలేదని చెప్పి ఉండవచ్చు. కానీ చలికీ కోపానికీ నోరు తిన్నగా ఉండలేదు. చేపలు చస్తుంటే సీరియలేమిటన్న కడుపుమంటతో, ఆ సీరియల్లో ఏ జన్మకీ జరగనిదేదో అదే చెప్పాను. ఆయన తిడతారు, అప్పుడు నిజం చెబుదాం అనుకున్నాను.

“పరంధామయ్య గారు మెట్లు దిగొచ్చి, అందరి ముందూ కూతురితో, ‘ఆ రోజు నువ్వు చెప్పిందే నిజమమ్మా. నలుగురిలో నిన్ను పొమ్మన్నాను. తప్పు నాది’ అన్నాడండీ.”

ఆయన తిట్టలేదు. నా వైపు చూస్తూ నిలబడిపోయారు. తర్వాత ఫోను ఎత్తారు.

“చూశారా నాన్నగారూ?”

“చూశానమ్మా.” తడి చేత్తో మొహం తుడుచుకున్నారు. “మెట్లు దిగాడు కదమ్మా. అందరి ముందూ... నువ్వు చెప్పిందే నిజం, నలుగురిలో నిన్ను పొమ్మన్నాను, తప్పు నాదే అన్నాడు. ఎన్నాళ్లకన్నాడమ్మా! అనాల్సిందే. ఎప్పుడో అనాల్సింది.”

ఏలూరులో సిగ్నల్ ఉంటుందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ ఆ ఎపిసోడు చూసే ఉంటుంది. ఫోను లాక్కుని పెట్టేద్దామా అనుకున్నాను.

“విన్నాను నాన్నగారూ,” అంది ఆవిడ చాలాసేపటికి. ఆ తర్వాత, “ఆ వెనక ఇంజను చప్పుడేమిటి? చేప పైకి వచ్చిందా?” అంది.

నాలుగేళ్లు, పైన నా రెండేళ్లు. చెరువు మాట రావడం అదే మొదటిసారి. ఆయన మంచం మీద కూర్చుండిపోయారు. “వచ్చిందమ్మా,” అన్నారు, చిన్నపిల్లాడు దెబ్బ తగిలిందని చెప్పినట్టు.

“రేపు మేత కట్టకండి. పై చెరువు నీళ్లు ఇందులోకి కొట్టించండి. పొద్దున్నే వస్తున్నాను.”

పొద్దున్నే వచ్చింది. గట్టు మొదట్లో చెప్పులు విప్పి, ఒక్క క్షణం ఆగి, ఎక్కింది. ఇద్దరూ ఒకరినొకరు కౌగిలించుకోలేదు, ఏడవలేదు. “ఎంత పోయింది?” అంటే, “మూడో వంతు” అన్నారాయన. నీళ్లు చూడడానికి కలిసి వెళ్లారు. మూడు వైపుల నుంచీ చూపించడానికి అక్కడ ఏమీ లేదు. అయినా నేను మూడుసార్లు తిరిగి చూశాను.

ఆ మధ్యాహ్నం ఆవిడ మేస్త్రీతో పడవలో ఉండగా షెడ్డులో టీవీ వచ్చింది. నిన్నటి ఎపిసోడే, పునఃప్రసారం. నేను ఆపేలోపే పెద్దిరాజు గారు వచ్చి కూర్చున్నారు. ఆ ఎపిసోడంతా ఒక కంఠహారం పోవడం, దొరకడం, మళ్లీ పోవడం. పరంధామయ్య ఒక్క మెట్టు కూడా దిగలేదు. అరగంట సేపు నేను తవుడు బస్తాల కుట్లు లెక్కపెడుతూ నిలబడ్డాను. చివరి పాట అయ్యాక ఆయన టీవీ కట్టేశారు.

“ఒరేయ్ గూడెం.”

“అండీ.”

“ఈ రాసేవాడికన్నా నువ్వే నయంరా.”

బస్తా కుట్ల లెక్క తప్పింది.

“అమ్మాయికి చెప్పకు,” అన్నారు. “మాట నువ్వు అందించావు. సరే. అన్నది మాత్రం నేనే.”

ఆ తర్వాత వసుంధర గారు రోజూ ఏలూరు నుంచి వచ్చి వెళ్లడం మొదలుపెట్టింది. నేను అల్లిన ఎపిసోడు నా ఉద్యోగానికే ఎసరు పెట్టిందనుకున్నాను కానీ, ఆవిడ ఇంకో కుర్చీ తెప్పించింది. ఎనిమిదింటి ఫోను మాత్రం మానలేదు. పగలంతా గట్టు మీద పక్కపక్కనే తిరిగిన తండ్రీకూతుళ్లు, రాత్రి కాగానే పరంధామయ్య గురించి మళ్లీ తగువులాడుకునేవారు. ఇప్పుడు పిల్లల సంగతులూ, ఆయన మోకాళ్ల నొప్పులూ మధ్య మధ్యలో వచ్చేవి. ఆదివారాలు కూడా ఫోను మోగేది.

ఆయన పోయాక నేను సీరియల్ మానలేదు. ఎందుకు చూస్తున్నావని అడిగేవాళ్లు లేరు, నోరు మూసుకోమనేవాళ్లూ లేరు. నేనొక్కడినే వ్యంగ్యాలు వేసేవాణ్ని, మంచం వైపు తిరిగి. జోకు పేలాలంటే విసుక్కునే మనిషి ఒకరుండాలని అప్పుడు తెలిసింది. మొన్న శుక్రవారం చివరి ఎపిసోడులో అందరూ మెట్ల మీద నిలబడి ఫోటో దిగారు. కూతురు కూడా ఉంది. ఎలా వచ్చిందో, ఎవరు పిలిచారో చెప్పలేదు. పరంధామయ్య ఆశీర్వదించాడు కానీ, ఆ మాట అనలేదు. అయిదేళ్లు ఆగాం.

ఎనిమిదింటికి నా ఫోను మోగింది.

“చూశావా తమ్ముడూ?” వసుంధర గారు.

“చూశానండీ. ఫోటోకి అందరూ బాగా పడ్డారు.”

ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. “ఒకటి అడగనా? ఆ ముసురు రోజున నాన్నగారు ఒక సీను చెప్పారు. అది ఆ రోజు రాలేదు, నేను చూశాను కదా. తర్వాతెప్పుడైనా వస్తుందేమోనని ఇన్నేళ్లూ చూశాను. నాన్నగారు ఎక్కడో విని ముందే చెప్పారేమోనని. ఇవాళ్టితో అయిపోయింది, రాలేదు. అంటే... అది ఆయన సొంతంగా నాకోసమే అన్నారు కదా? నువ్వక్కడే ఉన్నావు కదా, చెప్పు.”

నా నాలుక చివర ఒక జోకు సిద్ధంగా ఉంది. మంచి జోకే. అది చెబితే అయిదు నిమిషాలు నవ్వుతుంది, ఆ తర్వాత ఎప్పటికీ నవ్వదు. ఎవరు కన్నీళ్లు పెట్టినా ఎక్కడో ఒకచోట గాలి తీసే నాకు, చిల్లు ఎంత పెట్టాలో నేర్పిన మనిషి మంచం ఎదురుగా ఖాళీగా ఉంది.

“అన్నది ఆయనేనండీ,” అన్నాను.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“భోంచేశావా?” అంది.

“ఆఁ,” అన్నాను, ఇంకా చెయ్యకపోయినా.