నుదుటి బొట్టు, కేసు షీటు

తెలంగాణ వచ్చిన ఏడాది, వానలు మొదలైనాక, నన్ను కాన్పుల వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కు మార్చారు. భద్రాచలం దిక్కు అడవి అంచున ఉన్న దవాఖానా అది. పేరు ఇక్కడ అక్కర లేదు. నా హోదా ఆయా, అంటే నాలుగో తరగతి ఉద్యోగి. మా ఆయన అక్కడే వార్డుబాయ్‌గా పనిచేస్తూ చనిపోతే ఆ కొలువు నాకిచ్చారు. సంతకం నేర్చుకుని చేరాను. సంతకం వస్తే చదువు వచ్చినట్టే అని ఆఫీసువాళ్లు అనుకున్నారు. కాదని నేను చెప్పలేదు.

థియేటర్ ఆయా ఏం చేస్తుందో బయటివాళ్లకు తెలియదు. ఆపరేషన్‌కు వచ్చిన మనిషి గాజులు, మెట్టెలు తీయించి ఇంటివాళ్ల చేతికివ్వాలి. గోళ్ల రంగు తుడవాలి. ఆకుపచ్చ గౌను తొడిగి టోపీ పెట్టాలి. చివరగా, తలుపు దగ్గర, నుదురు శుభ్రం చేయాలి. మత్తు డాక్టరమ్మ మనిషి ముఖం రంగు చూస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ బొట్టు, విభూతి, నామం ఏదీ ఉండకూడదు.

ఇది తేలిక పని కాదు. హెర్నియాతో వచ్చిన ఒక ముసలి పూజారి నా చెయ్యి ఆపి, ఈ నామం సాక్షాత్తు స్వామి పాదాలు, దూదితో తుడిచేస్తావా అన్నారు. "పాదాలు కాసేపు పక్కకు పెడుతున్న అయ్యగారూ, ఆపరేషన్ అయినంక మళ్లా ఎక్కించుకోండ్రి" అన్నాను. అడ్డగీతలు శివుడి పార్టీ, నిలువుగీతలు విష్ణువు పార్టీ అని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. స్పిరిటు దూదికి మాత్రం రెండు పార్టీలూ ఒకటే. అడవి ఊళ్ల ముసలమ్మలే నయం. వాళ్ల నుదుట పచ్చబొట్టు ఉండేది. దాని ముందు స్పిరిటు కూడా ఓడిపోయేది.

అసలు తంటా అత్తలతో. ముత్తైదువ నుదురు ఖాళీగా ఉండరాదు, అది మొగుడి ఆయుష్షు అంటారు. పైగా తీసేది నేను: క్రైస్తవురాలిని, భర్త లేనిదాన్ని. "బొట్టు లేనిదానివి, నా కోడలి బొట్టు మీద చెయ్యేస్తవా?" అని ఒకామె మీదికొచ్చింది. నాకు పెళ్లప్పుడే బొట్టు పెట్టలేదు, అందుకే మా ఆయన పోయిన రోజు తుడవడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు అన్నాను. నీ కొడుకు ఆయుష్షు స్టిక్కరు జిగురు మీద నిలబడి ఉంటే ముందు అతన్ని డాక్టరుకు చూపించు అని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

నిజానికి బొట్టు మీద నాకున్నంత భక్తి ఆ అత్తలకు కూడా లేదు. నా కొలువు దాని మీదే నడిచింది. పొద్దున హెడ్ సిస్టర్ కేసు షీట్లు పట్టుకుని పేర్లు పిలుస్తుంది. మనిషి రోగం, చేయాల్సిన ఆపరేషన్, రక్తం గ్రూపు రాసి ఉండే కాగితమే కేసు షీటు. పిలిచిన మనిషి పలకగానే ఆ షీటు నా చేతికి వస్తుంది. పేరు చదవలేను కనుక ఆమె బొట్టు ఆకారాన్ని షీటు మూలన పెన్నుతో గీసేదాన్ని. పాము, నెలవంక, దీపం, చుక్క కింద గీత. తర్వాత థియేటర్ తలుపు దగ్గర నుదురు చూసి, షీటు మూల చూసి, జత కుదిరాకే బొట్టు తీసేదాన్ని. ఆ బొమ్మలు సిస్టర్ల గుర్తులని డాక్టర్లు అనుకున్నారు, డాక్టర్ల గుర్తులని సిస్టర్లు అనుకున్నారు. రెండేళ్లు ఒక్క తప్పు రాలేదు.

తప్పు వచ్చింది ఒక శుక్రవారం. ఆ రోజు ఆరుగురు ఆడవాళ్లు. అయిదుగురికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆరో మనిషి భూలక్ష్మి, దుమ్ముగూడెం అవతల ఊరు. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరు. గర్భసంచి పక్కన గడ్డ ఉంది, అది తీస్తే కడుపు పండవచ్చని సర్జన్ సారు చెప్పారు. గౌను తొడుగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, గడ్డ ఒక్కటే తీస్తరు గదా? ఇంకేం తియ్యరు గదా?" అని మూడుసార్లు అడిగింది. "నీ బొట్టు తప్ప ఇంకేం తియ్యరు, భయపడకు" అన్నాను.

సిస్టర్ పేర్లు పిలిచింది, నేను బొమ్మలు గీశాను, దుప్పట్ల కోసం స్టోరుకు పోయాను. తిరిగొచ్చేసరికి ఆరు నుదుళ్ల మీద ఆరు ఎర్రటి గుండ్రటి స్టిక్కర్లు. అన్నీ ఒకే సైజు. రాజేశ్వరి అనే కోడలితో జూలూరుపాడు నుంచి వచ్చిన ఒక అత్తగారు, శుక్రవారం పూట ముత్తైదువలకు బొట్టు పెడితే కోడలికి మంచి జరుగుతుందని ప్యాకెట్ కొనుక్కొచ్చి, అందరి పాత బొట్లూ పీకి, కొత్తవి తన చేత్తోనే అతికించింది.

"పాతయి ఏం చేసినవమ్మా?" అని అడిగాను.

ఆమె గోడ చూపించింది. పాము, నెలవంక, దీపం, అన్నీ అక్కడ వరసగా అతికి ఉన్నాయి. ఏది ఎవరిదో ఆమెకే గుర్తు లేదు, ఆ గోడకే తెలియాలి.

నలుగురిని "పొద్దున నీ బొట్టు ఎట్లుండె?" అని అడిగి నెట్టుకొచ్చాను. "ఏందక్కా, పెళ్లిచూపులా?" అని ఒకామె నవ్వింది. చివరకు రాజేశ్వరి, భూలక్ష్మి మిగిలారు. అప్పటికే ఇద్దరికీ నిద్ర సూది పడింది. అడిగితే ఒకామె "ఊఁ" అంది, రెండో ఆమె అదీ అనలేదు. చేతిలో రెండు షీట్లు. వరసలో పైనున్న షీటు ఎవరిదో వాళ్లే ముందు పోవాలి. దాని మూలన నెలవంక ఉంది. లోపలి నుంచి "నెక్స్ట్" అని కేక. నెలవంక భూలక్ష్మిదే అని నాకు నేను చెప్పుకుని, ఆమె బొట్టు తీసి, బండి లోపలికి తోశాను.

మత్తిచ్చారు. పొట్టకు మందు పూశారు. సర్జన్ సారు షీటు చూసి, "రాజేశ్వరి. ఇద్దరు పిల్లలు. ట్యూబెక్టమీ" అని పైకి చదివి, కత్తి కోసం చెయ్యి చాచారు.

నేను తలుపు దగ్గరున్నాను. షీటు మారిందని నెమ్మదిగా అని తప్పించుకోవచ్చు అనుకున్నాను. ఎట్లా మారిందని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క అబద్ధం కూడా సిద్ధంగా లేదు. చెబితే కొలువు పోతుంది. చెప్పకపోతే భూలక్ష్మికి ఇక పిల్లలు పుట్టరు.

"సారూ, ఆగుండ్రి! ఆమె భూలక్ష్మి, పిల్లలు లేనామె. నాకు చదువు రాదు!"

సారు చెయ్యి గాల్లోనే ఆగింది. హెడ్ సిస్టర్ షీటు లాక్కుని నా వైపు తిరిగింది. "చదువు రాదా? మరి ఈ బొమ్మలేంది?"

"బొట్లు, సిస్టర్."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. అసలు షీటు తెప్పించి, గడ్డ తీసి, భూలక్ష్మిని వార్డుకు పంపారు. రాజేశ్వరి ఆపరేషన్ ఆ తర్వాత చేశారు. బయట ఆమె అత్తగారు నన్ను ఆపి, తను బొట్లు పెట్టబట్టే అన్నీ మంచిగ జరిగినయని చెప్పింది.

కొలువు పోలేదు, మెమో వచ్చింది. మెమో కూడా చదవలేను కనుక హెడ్ సిస్టరే చదివి వినిపించింది. అందులో 'తీవ్ర నిర్లక్ష్యం' అని రెండుచోట్ల ఉంది. "ఇంద, కింద సంతకం పెట్టు, అదైతే వచ్చు గదా" అంది. మరుసటి రోజు నుంచి డ్యూటీ దిగాక స్టోరు గదిలో కూర్చోబెట్టి, థియేటర్ లిస్టులతోనే అక్షరాలు నేర్పింది. అప్పటికి నాకు యాభై దాటాయి. ఒత్తులు వచ్చేసరికి ఎండాకాలం వచ్చింది. ఆ తర్వాత ప్రతి మనిషినీ పేరు అడిగి, ప్లాస్టరు ముక్క మీద రాసి, మణికట్టుకు అతికించి, తలుపు దగ్గర మళ్లీ అడగడం నా పద్ధతి. రిటైరయ్యే దాకా అదే పాటించాను.

చదవడం వచ్చాక పాత రిజిస్టర్ తీసి చూశాను. భూలక్ష్మి పేరు ఎదురుగా గడ్డ తీసినట్టు, మంచిగానే ఇంటికి పంపినట్టు రాసి ఉంది. తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారో లేదో ఆ రిజిస్టర్‌లో ఉండదు, నాకూ తెలియదు.

బొట్టుకు అర్థమేమిటని పూజారి ఒకటి చెప్పారు, అత్తలు ఒకటి చెప్పారు. వాళ్లు చెప్పింది తప్పని నేననను. నుదుటి మీద ఉన్నది ఆ మనిషి ఏ దేవుడి తాలూకో చెబుతుంది, మొగుడున్నాడో లేడో చెబుతుంది. ఆమె ఎవరో చెప్పదు. అది ఆమెనే అడగాలి, సూది వేయకముందు.